గృహహింసను గూర్చి మన పాఠములు

"మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు" అని మన భాషలో నొక సామెత కలదు. దీనిని విననివారు మన చదువరులలో నుండరు. ఎవరే సందర్భమున వాడినను విన్నవారు నవ్వుదురే కాని, ఇందులో నొక స్త్రీ దెబ్బలు తిన్నదని తలచువారు అరుదు. దెబ్బ యా సామెతలో ఎండవలె, వానవలె సహజమైన వస్తువు. విశేషమంతయు తోడికోడలి నవ్వులో నున్నది. మేమును దీనిని చిరకాలము వినోదోక్తిగానే భావించితిమి. కాని గృహహింసను గూర్చి ప్రజలకు బోధించుటకై మన దేశమున వెలువడిన పాఠములను, నాటకములను, గోడపత్రికలను, కరపత్రములను వరుసగా పరిశీలించిన పిమ్మట, ఈ పాత సామెతకు తెలిసిన విషయము మన నూతనబోధకులలో పెక్కుమందికి తెలియలేదని మాకు తోచినది. కొట్టినవాని చేయి యెంత బాధించునో, చూచినవారి మొగము నంత బాధించును. మఱి మన బోధన మా చూచినవారితో నెన్నడైన మాటలాడినదా?

ఈ ప్రశ్నతో మేమీ విమర్శకు పూనుకొంటిమి. కరపత్రములకును గోడపత్రికలకును సాహిత్యవిమర్శ యేమిటని కొందఱు నవ్వవచ్చును. మన భాషలో నే కావ్యమునకును లేనంతమంది పాఠకులు వీనికి కలరు. పైగా వీనిని వ్రాయించుట ప్రభుత్వమునకు శాసనవిధి. 2005వ సంవత్సరమున చేయబడి, 2006 అక్టోబరు 26వ తేదీనుండి అమలునకు వచ్చిన గృహహింస నిరోధక చట్టములోని 11వ సెక్షను, ఈ చట్టమును గూర్చి రేడియో, టెలివిజను, పత్రికల మూలమున నియమిత కాలములందు విరివిగా ప్రచారము చేయవలెనని కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములను ఆజ్ఞాపించుచున్నది. ఒక చట్టము తన్ను గూర్చి ప్రజలకు పాఠము చెప్పుమని తానే కోరుట మెచ్చదగిన సంగతి. ఆ పాఠ మెట్లున్నదో చూచుట చదువరుల బాధ్యత.

సాధారణముగా కనబడు గోడపత్రికను ముందు తీసికొందము. కమిలిన మొగముతో నొక స్త్రీ యుండును. ఆమె తల వంగియుండును. క్రింద "మౌనము వీడుము" అను నర్థము గల మాట యొకటి. దాని క్రింద 181 అను సంఖ్య. చిత్రములో భర్త లేడు, అత్త లేదు, పొరుగువారు లేరు, ఇల్లే లేదు. ఆ స్త్రీ శూన్యములో కూర్చుండి దెబ్బ తిన్నట్లున్నది. చేయవలసిన పనియంతయు ఆమెకే చెప్పబడినది: నోరు తెఱువుము, ఫోను తీయుము, ధైర్యము తెచ్చుకొనుము. గాయపడినదియు ఆమెయే, వైద్యుని పిలువవలసినదియు ఆమెయే. ఆ సంఖ్య అక్కఱలేదని మే మనము. ఆ సంఖ్యవలన కాపాడబడినవారు గలరు. కాని సంఖ్యను తెలుపుట వేఱు, పాఠము చెప్పుట వేఱు.

కొన్నేండ్ల క్రిందట నొక చిన్న పట్టణములో మహిళాదినోత్సవ సందర్భమున జరిగిన యిట్టి సభకు మేము పోయితిమి. ఉపన్యాసకురాలు విద్యావతి, సద్బుద్ధి గలది. చట్టములోని నిర్వచనమును చక్కగా వివరించెను. కొట్టుట మాత్రమే హింస కాదనియు, లైంగికముగా బాధించుట, దుర్భాషలాడుట, అవమానించుట, ఇంటిఖర్చున కియ్యక మాడ్చుట, స్త్రీధనమును లాగుకొనుట కూడ హింసయే యనియు చెప్పెను. స్త్రీలు శ్రద్ధగా వినిరి. చివరను వెనుకవరుసలోనుండి యొక ముసలమ్మ లేచి, "అమ్మా, ఫోను చేస్తే పోలీసులు వస్తారు, పోతారు. ఆ రాత్రి ఆ పిల్ల యెక్కడ పండుకోవాలమ్మా?" అని యడిగెను. సభలో గుసగుస బయలుదేఱెను. ఉపన్యాసకురాలు "మంచి ప్రశ్న, అవ్వా" అనెను. అంతలో జ్ఞాపికల ప్రదానమునకు వేళయయ్యెను.

మాకీ ఘట్టము చాలదినములు మనసులో మెదలినది. ఏలయన, ఆ ప్రశ్నకు చట్టములో సమాధానము కలదు. భార్య తాను కాపురము చేయుచున్న ఇంటిలో, ఆ యిల్లు తన పేర నున్నను లేకున్నను, నివసించు హక్కు గలదని 17వ సెక్షను చెప్పుచున్నది. ఆమెను వెళ్లగొట్టరాదని మేజిస్ట్రేటు ఉత్తరువు చేయవచ్చును. ఆవశ్యకమైనచో భర్తనే ఆ యింటినుండి తొలగుమని చెప్పవచ్చును. ఆమె కోరిన ఆశ్రయగృహములో చోటు కల్పింపవలెను. ఈ సమాధానములు ఆ చేతిలోని కాగితములలోనే యున్నవి. అయినను అవి ఆ ముసలమ్మను చేరలేదు, ఎందుచేతననగా ఆ యుపన్యాసము నిర్వచనమునుండి బయలుదేఱినది. ముసలమ్మ రాత్రినుండి బయలుదేఱినది.

రాత్రినుండి బయలుదేఱిన పాఠము మన తెలుగునాట నొకటి పుట్టినది. దానిని గూర్చి కొంత విపులముగా వ్రాయుదుము. 1991వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలో "అక్షరదీపము" అను పేర సంపూర్ణాక్షరాస్యతా కార్యక్రమము మొదలయినది. జిల్లా అధికారులును, జనవిజ్ఞానవేదిక మొదలైన సంస్థల కార్యకర్తలును, వేలకొలది స్వచ్ఛంద బోధకులును అందులో పాల్గొనిరి. కళాజాతాలు పల్లెపల్లెకు పోయి ఆటపాటలతో జనులను పిలిచెను. పగలెల్ల కూలికి పోయిన స్త్రీలు రాత్రులయందు లాంతరు చుట్టును చేరి అక్షరములు దిద్దిరి. వారి వాచకములలో "సీతమ్మ కథ" అను పాఠము కలదు. సారాకు దాసుడైన భర్త మూలమున నలిగిన యొక పేద స్త్రీ కథ యది. 1992లో నదే జిల్లాలోని దూబగుంటలో స్త్రీలు సారా యంగడిని మూయించిరి. ఆ వృత్తాంతము "ఆడవాళ్ళు ఏకమైతే" అను పేర తరువాతి వాచకములో పాఠమై జిల్లాయంతట చదువబడినది. ఒక గ్రామస్త్రీలు నిన్న చేసిన పని నేడు పాఠమై, పక్క గ్రామస్త్రీలకు రేపటి పనియైనది. మన సాహిత్యచరిత్రలో నింత త్వరగా ఫలించిన రచన మఱియొకటి మాకు స్ఫురింపదు.

ఆ పాఠముల గుణ మేమి? అలంకారము లేదు, ఉద్బోధ లేదు. అయిదాఱు తరగతుల పిల్లవాడు కూడ కూడబలుకుకొని చదువగల వాక్యములు. కాని వానిని చదివిన తీరు విశిష్టము. స్త్రీ యొక్కతె తన గదిలో కూర్చుండి చదువలేదు. ఇరువదిముప్పదిమంది యొకచోట చేరి, ఒకతె చదువగా మిగిలినవారు వినిరి. "సీతమ్మ" అను పేరు పలికినపు డెవరును తమ పేరు చెప్పుకొన నక్కఱలేదు. తనకు తగిలిన దెబ్బను చెప్పుకొనలేని స్త్రీ, సీతమ్మ దెబ్బను గూర్చి నిర్భయముగా మాటలాడగలదు. అట్లు మాటలాడుచుండగనే ప్రక్కనున్న స్త్రీ కన్నులలోను అదే కథ యున్నదని గ్రహించును. తోడికోడలు నవ్వని చోటు వారి కప్పుడు దొరకినది. కావ్యములకు సాధారణీకరణమని ఆలంకారికులు చెప్పెడి గుణము ఆ వాచకమునకు దాని యెఱుకలేకయే అబ్బినది.

పిమ్మట జరిగినది అందఱు నెఱిగినదే. స్త్రీలు సారా బండ్లను నిలిపిరి, వేలముపాటలను అడ్డగించిరి, చీపుళ్లతోను కారపుపొడితోను అంగళ్ల ముందు కావలి కాచిరి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో నది సడలింపబడినది. చదువు నేర్చుకొన వచ్చిన కూలిస్త్రీలు ప్రభుత్వపు రాబడి లెక్కలను తాఱుమాఱు చేసిరి.

ఇంతవఱకు ప్రశంస. ఇక మాకు తోచిన లోపమును చెప్పక తప్పదు. ఈ యుద్యమమును నిందించుటకు కాదు. నిందించుటకు మే మెవరము? ఆ లాంతరు వెలుగులో కూర్చున్నవారిలో మేము లేము. కాని ఆ పాఠము దోషిని గుర్తించుటలో నొక సౌలభ్యమును స్వీకరించినది. దెబ్బకు కారణము సారాయని చెప్పినది. సారా యింటి బయటిది. దానికి కంట్రాక్టరు గలడు, బండి గలదు, అంగడి గలదు, దానిని పాట పెట్టు ప్రభుత్వము గలదు. అంగడి ముందు కూర్చుండవచ్చును, బండిని త్రిప్పి పంపవచ్చును. భర్తను అట్లు త్రిప్పి పంపుట కష్టము. కావున స్త్రీలందఱును ఏకము కాగలిగిరి. వారి మగవారిలో కొందఱును తోడు రాగలిగిరి. "మా ఆయన మంచివాడే, తాగినప్పుడే" అను మాట ప్రతి యింటను గౌరవమును కాపాడినది. ఆ మాట లేకయున్నచో నుద్యమము పుట్టకపోయెడి దేమో! దానికి బలమైనదియే దాని హద్దునైనది.

ఆ మాటలో సత్యము లేకపోలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తఱచుగా త్రాగివచ్చు భర్తలు గల స్త్రీలలో నూటికి 70 మంది శారీరక లైంగిక హింసకు లోనయిరి. అయితే ఆ లెక్కలోనే, త్రాగని భర్తల భార్యలలోను నూటికి 23 మంది అట్టి హింసనే అనుభవించిరని కలదు. నాలుగింట నొకతెకు దగ్గఱ! ఈ స్త్రీలకు సీతమ్మ కథలో చోటేది? వారి భర్తలు ఉద్యోగస్థులు కావచ్చును, పూజాపరులు కావచ్చును, మన పత్రికకు చందాదారులు కావచ్చును. సారాను తీసివేసిన తరువాత మిగిలిన దెబ్బకు మన వాచకములలో పేరు లేదు.

ఆ సర్వేలోనే యింకొక లెక్క మమ్ము మఱింత కలవరపఱచినది. ఏడు సందర్భములను పేర్కొని, వీనిలో దేనికైనను భర్త భార్యను కొట్టుట న్యాయమా యని యడిగిరి. చెప్పకుండ బయటకు పోవుట, ఇంటిని గాని బిడ్డలను గాని సరిగా చూడకుండుట, ఎదురు చెప్పుట, పడకకు నిరాకరించుట, వంట సరిగా చేయకుండుట, శీలమును భర్త శంకించుట, అత్తమామలను గౌరవింపకుండుట అనునవి యా యేడు. తెలంగాణలో నూటికి 83.8 మంది స్త్రీలును, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 మంది స్త్రీలును, వీనిలో నే దో యొకదానికి దెబ్బ న్యాయమేయనిరి. దేశము మొత్తమున ఈ లెక్క సుమారు 45. మన రెండు రాష్ట్రములలోని పురుషులు సయితము ఇంతమంది యట్లనలేదు: తెలంగాణలో 70.4, ఆంధ్రప్రదేశ్‌లో 66.5. సారా యుద్యమము పుట్టిన నేలలో, పొదుపు సంఘములకు దేశమంతటను పేరుగన్న నేలలో, స్త్రీల నోటనే వచ్చిన సమాధాన మిది.

ఈ యంకెలను చూచి మన స్త్రీలు తమ దాస్యమును ప్రేమించుచున్నారని కొందఱు తీర్పు చెప్పిరి. మే మట్లు చెప్పజాలము. ఆ యేడు సందర్భములను మఱల చదువుడు. ఇవి మనము ఆడుపిల్లలకు నేర్పిన పాఠముల పట్టిక కాదా? అప్పగింతల వేళ, అమ్మమ్మ ఒడిలో, చదువురాని కాలమునుండి చదువు వచ్చిన కాలము వఱకు నేర్పినవియే. తన జీవితమునకు లెక్క కుదుర్చుకొనవలసిన స్త్రీ, తనకు తగిలిన దెబ్బకొక కారణము ఉన్నదని నమ్మగోరును. కారణములేని దెబ్బను భరించుట కారణముగల దెబ్బను భరించుటకంటె దుర్భరము.

మన సంస్కర్తలును ఈ ఋణములో భాగస్వాములే. వీరేశలింగము పంతులుగారు 1883లో స్త్రీలకై "సతీహితబోధిని" అను పత్రికను నెలకొల్పిరి. దానిని మే మెంతయో గౌరవింతుము. అయినను ఆ కాలపు స్త్రీవిద్యాగ్రంథములలో చదువుకొన్న యిల్లాలు ఓర్పుతోను వినయముతోను మొఱటు కుటుంబమును దారికి తెచ్చుట ఆదర్శము. విద్య ఆమె ఓర్పునకు మెఱుగు. అదే పంతులుగారు "సత్యరాజా పూర్వదేశయాత్రల"లో స్త్రీలు పాలించు నాడుమళయాళమును కల్పించి, మన స్త్రీల యవస్థలను పురుషుల పాలు చేసి చూపిరి. మగపాఠకుని తన్ను తాను చూచుకొనునట్లు చేసిన ఆ వెటకారపు మార్గమును తరువాతి బోధకులు కొనసాగింపలేదు. ఓర్పు పాఠమే నిలిచినది. ఒక్కరి కలమునుండియే వెలువడిన రెండు మార్గములలో మనము సుగమమైనదానిని ఎంచుకొంటిమి.

చూచినవారితో మాటలాడిన బోధన మొకటి మాత్రము మా దృష్టికి వచ్చినది. అది తెలుగునాట పుట్టినది కాదు. 2008లో బ్రేక్‌త్రూ అను సంస్థ "బెల్ బజావో" అను హిందీ పేర టెలివిజనులో కొన్ని లఘుచిత్రములను ప్రదర్శించినది. వాని కథ మిక్కిలి చిన్నది. ప్రక్కయింటిలోనుండి స్త్రీ కేకలు, వస్తువులు విఱుగు చప్పుడు. వినుచున్న పురుషుడు కొంచెముసేపు తటపటాయించి, లేచి పోయి, ఆ యింటి గంట నొక్కును. తలుపు తీసిన భర్తతో "కొంచెము పాలు కావలెను" అనును. మఱియొకదానిలో పిల్లలు బంతి కొఱకు వచ్చితిమందురు. లోపల చప్పుడు ఆగిపోవును. అంతియే. స్త్రీ ముఖము కనబడదు, గాయము కనబడదు. కొట్టినవానికి నీతి చెప్పబడదు. "నేను విన్నాను" అని వానికి తెలియజేయుటయే చిత్రముయొక్క సర్వస్వము. 2010లో కాన్ ప్రచారకళోత్సవమున దీనికి వెండి సింహము లభించినది. మాకు దానికంటె ముఖ్యమైన దేమనగా, ఇది పురుషుని దోషిగాను రక్షకుడుగాను గాక, పొరుగువానిగా సంబోధించినది.

దీనిలో కొఱతలు లేవని కాదు. పాలు తీసికొని పోయిన పిమ్మట తలుపు మఱల మూయబడును. తరువాత నేమైనదో చిత్రము చెప్పదు. కొందఱిండ్లలో గంట నొక్కినందులకు ఆ స్త్రీకే మఱునాడు రెండింతలు దెబ్బలు పడవచ్చును. మన పల్లెలలో గంటలు లేవు. అది యటుండగా, అచ్చట ఎవరికిని వినబడదను చిక్కే లేదు. ఉమ్మడి గోడల యిండ్లలో, నడుమ చిన్న సందున్న వాడలలో, అందఱకు నన్నియు వినబడును. విని, "మొగుడూ పెళ్లాల తగవు, మధ్య మనమెందుకు" అని దీపము తగ్గింతురు. పట్టణపు అపార్టుమెంట్లలోను ఇదే మాట. టెలివిజను చప్పుడు పెంచుట మాత్రమే భేదము. కాబట్టి ఆ చిత్రములను మక్కికి మక్కిగా మన నాటికి తెచ్చుటవలన ప్రయోజనము లేదు. వాని సంబోధనమును మాత్రము తీసికొనవలెను.

ఈ సంబోధనము మన చట్టములోనే యున్నదనుట ఆశ్చర్యము. గృహహింస జరిగినదని గాని, జరుగుచున్నదని గాని, జరుగబోవుచున్నదని గాని నమ్ముటకు కారణము గల యే వ్యక్తియైనను రక్షణాధికారికి తెలుపవచ్చునని 4వ సెక్షను చెప్పుచున్నది. బాధితురాలే చెప్పవలెనని లేదు. సద్భావముతో తెలిపినవారిపై సివిలుగా గాని క్రిమినలుగా గాని బాధ్యత రాదనియు ఆ సెక్షనే యభయ మిచ్చుచున్నది. అనగా శాసనకర్తలు తోడికోడలిని మఱవలేదు, పొరుగువానిని మఱవలేదు, పనిమనిషిని మఱవలేదు, బడిలో బిడ్డ మొగము చూచి గ్రహించు పంతులమ్మను మఱవలేదు. మేము చూచిన గోడపత్రికలలో మాత్రము ఈ సెక్షను కనబడలేదు. మేము పోయిన సభలో నుపన్యాసకురాలు నిర్వచనమగు 3వ సెక్షనును చెప్పి, 4వ దానిని దాటి, దరఖాస్తుల సంగతికి పోయెను. ఆ సభలో నున్న రెండువందలమందిలో దెబ్బలు తినుచున్నవారు కొందఱే కావచ్చును. దెబ్బలను విన్నవారు మాత్రము అందఱును. కొందఱికి పాఠము చెప్పి యందఱిని వదలివేసిరి.

సర్వేలోని మఱియొక సంగతి దీనిని బలపఱచుచున్నది. హింసకు లోనయిన స్త్రీలలో సహాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. 77 మంది సహాయమును కోరలేదు, ఎవరికిని చెప్పను లేదు. కోరినవారిలోను అధికసంఖ్యాకులు పోయినది పుట్టింటికే. పోలీసులవద్దకును న్యాయవాదులవద్దకును పోయినవారు అత్యల్పము. పుట్టిల్లు ఏమి చెప్పి పంపునో మన మెఱుగుదుము. "సర్దుకో తల్లీ, చెల్లెలి పెళ్లి కావాలి" అను తండ్రి క్రూరుడు కాడు; రాత్రంతయు నిద్రపోడు; తెల్లవాఱి తానే బస్సెక్కించి వచ్చును. ఆ తండ్రికి వ్రాయబడిన కరపత్రము ఒక్కటియు మాకు దొరకలేదు. బిడ్డను ఆ బస్సెక్కింపకుండ రెండునెలలు ఇంట నుంచుకొన్న యెడల లోకులకు చెప్పదగిన సమాధాన మేమో ఆయనకెవరైన వ్రాసి యిచ్చిరా?

పొరుగువారి జోక్యము పరువునకు భంగమని కొందఱు పెద్దలు శంకింతురు. వారికంటె బరువైన శంక స్త్రీవాదులది. ఆమె యిష్టము తెలియక చేసిన సహాయ మామెను మఱింత ప్రమాదమున పడవేయునని వారందురు. ఇది నిజము, దీనిని పాఠములోనే చేర్చవలెను. విన్నవాడు వెంటనే వీరుడై తలుపు పగులగొట్టనక్కఱలేదు. మఱునాడు నీళ్లకుళాయి యొద్ద, నలుగురు లేనిచోట, "రాత్రి విన్నాను; నీకేమి కావాలో చెప్పు, చెప్పకపోయినా సరే" అనుట మొదటి పని. ఆమె అబద్ధమాడి "జారిపడ్డాను" అన్నచో నవ్వకుండుట రెండవది. ఒక జత బట్టలు, ఆధారు కాగితములు, కొంచెము రొక్కము తన యింట దాచి యుంచుదునని చెప్పుట మూడవది. అర్ధరాత్రి ప్రాణభయమున్నచో ఆమెను అడుగుటకు వ్యవధి యుండదు. అప్పుడు 112కు ఫోను చేయవలసినదే. ఇట్టి చిన్నపనులు మన బోధనలలో కానరావు. ఇవి యుపన్యాసమునకు పనికిరావు కాబోలు!

సీతమ్మ కథను వ్రాసినవారికి నలుగురిలో చదువబడు పాఠము నెట్లు వ్రాయవలెనో తెలిసియుండెను. ఆ విద్య పోలేదు. నెల్లూరిలో సారాపోరాటము వెనువెంట 1993లో మొదలైన "పొదుపులక్ష్మి" సంఘములనుండి నేటి మహిళాసంఘముల వఱకు, స్త్రీలు పదిమంది కూర్చుండు చోట్లు మన పల్లెలలో వేలకొలది కలవు. నెలకు కొన్నిమారులు వారు చేరి, పుస్తకములు తెఱచి, అప్పులను వాయిదాలను లెక్క చూచుకొందురు. ఆ లెక్కల నడుమ చదువుకొనుట కొక పుట పాఠము చాలును. దానిలో భర్త త్రాగుబోతు కాకూడదు. అందఱు మెచ్చు మనిషి కావలెను. దెబ్బ గోడకు ఆవల జరుగవలెను. కథానాయిక తోడికోడలు కావలెను. మొదటి పుటలో నామె నవ్వియుండవలెను. అట్టి పాఠమును వ్రాసి పంపువా రెవరైన నున్నచో, అది యెంత చిన్నదైనను, వాడుకమాటలలో నున్నను, మా పత్రికలో దానికి చోటు కలదు.